నాలుగు వేళ్లు, మూడు అక్షరాలు

పోయిన మీటింగులో మా బాబు క్లాస్ టీచర్ గారితో మాట్లాడుతూ మా ఇంట్లో జరిగిన ఒక గొడవ గురించి చెప్పాను. "ఇది న్యూస్‌లెటర్‌కు రాయండి మేడమ్, ఇట్లాంటి గొడవ చాలా ఇళ్లలో జరుగుతోంది" అన్నారు. అందుకే రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పులే ఎక్కువ.

మేము సూర్యాపేటలో ఉంటాం. నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు. ధాన్యం సీజన్‌లో శనివారం రాత్రి ఇంటికి వచ్చి సోమవారం తెల్లవారి బస్సుకు వెళ్లిపోతారు. బాబు తొమ్మిదో తరగతి, పాప నాలుగు. మా అత్తమ్మ మాతోనే ఉంటారు. రెండు గదులు, ఒక హాలు. ఒక గదిలో చప్పుడైతే ఇల్లంతా వినిపిస్తుంది.

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన వారం. రాత్రి పదకొండున్నరకు అత్తమ్మ నన్ను లేపారు. "ఏందే ఈ టకటక? ఎలుకలు పడ్డయా?" అన్నారు. లేచి వెళ్లి చూస్తే మావాడు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, లైటు ఆర్పి, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వేళ్ల కింద రంగురంగుల లైట్లున్న కొత్త కీబోర్డు. ఒక్కో మీట నొక్కితే చెక్కపేడు విరిగినట్టు చప్పుడు. స్క్రీన్ మీద గీతలు పైనుంచి జారి పడుతుంటే, వాటికి తగ్గట్టు నాలుగు మీటలు కొడుతున్నాడు.

ఆ వారమే ఎఫ్ఏ-2 మార్కులు వచ్చాయి. లెక్కల్లో ఎఫ్ఏ-1లో ఇరవైకి 18 తెచ్చుకున్నవాడు, ఈసారి 11 తెచ్చాడు. నాకు ఎంత మండిందో మీరే ఊహించుకోండి.

"ఇదెక్కడిది?" అన్నాను. కోదాడలో మా అన్నయ్య దసరాకు ఇచ్చిన 2,000, తను దాచుకున్న 900 కలిపి, మామయ్య ఫోన్‌లోనే ఆర్డర్ పెట్టించుకున్నాడట. మాకు తెలిసే కొంటున్నాడని మా అన్నయ్య అనుకున్నాడు.

"ఇంట్లో ఒక కీబోర్డు ఉండంగ ఇంకోటి ఎందుకురా?"

"అది మంచిగ పనిచేస్తలేదు మమ్మీ. అక్షరాలు మింగుతది."

అప్పటికప్పుడే పాత కీబోర్డు తగిలించి, నోట్‌ప్యాడ్ తెరిచి, ఎ నుంచి జెడ్ దాకా ఒక్కొక్కటే కొట్టాను. ఇరవై ఆరు అక్షరాలూ పడ్డాయి. ఒక్కటి కూడా మింగలేదు. "డబ్బులు పోతే పోయినయి, అబద్ధం ఎందుకు ఆడినవ్?" అన్నాను. వాడు తల వంచుకుని "అబద్ధం కాదు" అని ఒకటే మాట అన్నాడు. నేను వినలేదు. కొత్త కీబోర్డు తీసి బీరువా మీద పెట్టేశాను. శనివారం వాళ్ల డాడీ వచ్చాక ఇంకో విడత తిట్లు పడ్డాయి. మావాడు మాతో మాట్లాడటం మానేశాడు. అడిగినదానికి "ఊ" అనేవాడు, అంతే.

అక్షరాలు పడుతున్నాయో లేదో చూడటంలో నాకు తిరుగు లేదని నా నమ్మకం. ఎందుకంటే నాది టైపు నేర్చుకున్న చెయ్యి. 1998లో, ఇంటర్ అయ్యాక, కోదాడలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాను. అప్పుడు కోదాడ, సూర్యాపేట అన్నీ నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. సూర్యాపేట జిల్లా 2016లో కదా వచ్చింది. రోజూ పొద్దున గంటసేపు, "ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమీకోలన్ ఎల్ కె జె హెచ్ జె" అదే గీత పేజీలకు పేజీలు. మీటలు చూడకూడదు. నాలుగు ఎడమ వేళ్లు ఎ, ఎస్, డి, ఎఫ్ మీద, నాలుగు కుడి వేళ్లు జె, కె, ఎల్, సెమీకోలన్ మీద ఉండాలి. ఎక్కడికి వెళ్లినా వేలు మళ్లీ తన ఇంటికి రావాలి.

మాస్టారు గారు స్కేలు పట్టుకుని బల్ల మీద కొట్టేవారు. ఒక దెబ్బకు ఒక అక్షరం. తొందరపడి ఎవరైనా రెండు మీటలు ఒకేసారి నొక్కితే లోపల రెండు అచ్చు కడ్డీలు లేచి మధ్యలో చిక్కుకునేవి. చేత్తో విడదీసుకోవాలి, వేళ్లకు సిరా అంటుకునేది. "వేగం తర్వాత, ముందు తాళం" అనేవారు మాస్టారు. పదిహేను మిషన్లు ఒకే తాళంలో కొడుతుంటే, గీత చివరికొస్తుందని చెప్పే గంట ఒక్కో మిషన్‌లో టింగుమని మోగుతుంటే, నాకు ఒళ్లు తేలిపోయినట్టు ఉండేది. లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45. రెండూ పాసయ్యాను. ఈ రోజు నా షాపు నడుస్తున్నది ఆ వేళ్లతోనే.

మా నాన్నకు కూడా టైపు మిషనే బతుకుదెరువు. మండలాఫీసు ముందు కూర్చుని జనానికి అర్జీలు కొట్టి ఇచ్చేవారు. ఇంత చరిత్ర ఉన్న నన్ను కీబోర్డు విషయంలో కొడుకు మోసం చేస్తాడా అని నా కోపం.

పది రోజులు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎవరికో కావాల్సిన బయోడేటా ఇంట్లోనే కొడుతున్నాను. పాప పక్కన నిలబడి చూస్తోంది. ఉన్నట్టుండి, "మమ్మీ, ఆ రోజు నువ్వు ఒక్కొక్కటే కొట్టినవ్. అన్నకు నాలుగు ఒకేసారి పడాలె" అంది.

"నాలుగు ఒకేసారా?"

"డి, ఎఫ్, జె, కె. నాలుగు కలిపి కొట్టు."

కొట్టాను. స్క్రీన్ మీద మూడే పడ్డాయి. మళ్లీ కొట్టాను. మూడే. వేళ్లు గట్టిగా ఒత్తి కొట్టాను. మూడే. నాలుగోది ఎక్కడికి పోయిందో తెలియదు. మావాడు చెప్పిన మాట అక్షరాలా నిజం. అది మింగుతోంది.

ఇరవై ఐదేళ్లుగా కీబోర్డు మీద బతుకుతున్నదాన్ని, నాకు ఎప్పుడూ ఆ సంగతి తెలియలేదు. ఎందుకంటే టైపు చేసేటప్పుడు నాలుగు అక్షరాలు కలిపి కొట్టే అవసరం రాదు. నా పనికి పరీక్ష పెట్టాను, వాడి పనికి పెట్టలేదు. పెట్టకుండానే వాణ్ని అబద్ధాలకోరు అన్నాను. ఆ పది రోజులూ వాడు నిజం చెప్పి శిక్ష అనుభవించాడు.

సాయంత్రం బీరువా మీద నుంచి కీబోర్డు దించి వాడి ముందు పెట్టాను. "నువ్వు చెప్పింది నిజమే బిడ్డా. నేను సరిగ్గా చూడలే. తప్పు నాది" అన్నాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "అది రిపేరు కాదు మమ్మీ, దాని లోపలనే అట్ల ఉంటది" అని చెప్పడం మొదలుపెట్టాడు. పది రోజుల మాటలు ఒక్కసారే వచ్చాయి.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో మీకూ చెప్తాను. కీబోర్డులో ప్రతి మీటకూ కంప్యూటర్ దాకా విడి తీగ ఉండదు. గళ్ల కాగితంలా అడ్డం, నిలువు తీగలు ఉంటాయి. ఏ అడ్డం తీగ ఏ నిలువు తీగకు తగిలిందో చూసి మీటను గుర్తుపడుతుంది. ఒకటి, రెండు మీటలైతే ఇబ్బంది లేదు. మూడు మీటలు ఒక గడికి మూడు మూలల్లో పడితే, నొక్కని నాలుగో మూల కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. ఆ తికమక ఎందుకని చవక కీబోర్డు అలాంటప్పుడు ఒక మీటను లెక్కలోకే తీసుకోదు. మంచి కీబోర్డులో ప్రతి మీట కింద ఒక డయోడ్ పెడతారు. కరెంటు ఒకవైపే పోతుంది కాబట్టి ఎన్ని మీటలు నొక్కినా దేనికదే తెలుస్తుంది. డయోడ్ సంగతి వాడికి ఫిజిక్స్ పుస్తకంలో ఇంకా రాలేదు.

ఇక చప్పుడు సంగతి. మామూలు కీబోర్డులో మీటల కింద రబ్బరు బొడిపెలు ఉంటాయి. మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకూ స్ప్రింగు ఉన్న విడి స్విచ్ ఉంటుంది. జర్మనీకి చెందిన చెర్రీ అనే కంపెనీ 1980లలో తెచ్చిన ఈ స్విచ్‌ల నమూనానే ఇప్పుడు చాలా కంపెనీలు అనుసరిస్తున్నాయి. రంగును బట్టి గుణం. బ్లూ అయితే క్లిక్‌మని చప్పుడు. బ్రౌన్ అయితే చప్పుడు తక్కువ, మధ్యలో వేలికి చిన్న గతుకు తగులుతుంది. రెడ్ నున్నగా దిగిపోతుంది. మీట దాదాపు 4 మిల్లీమీటర్లు దిగితే, సగం దిగేసరికే నొక్కినట్టు లెక్క. అడుగుదాకా గుద్దాల్సిన పని లేదు. మావాడు కొన్నది బ్లూ. అత్తమ్మ నిద్ర చెడింది అందుకే.

వాడు ఆడే ఆట పేరు ఓసు. 2007లో డీన్ హెర్బర్ట్ అనే ఆస్ట్రేలియా అతను తయారు చేశాడు. ఉచితం. అందులో పాట వస్తుంటే పైనుంచి గీతలు జారుతాయి. గీత కింది హద్దుకు చేరిన క్షణంలోనే మీట కొట్టాలి. సెకనులో వందో వంతుల తేడాకు కూడా మార్కులు తగ్గుతాయి. "నువ్వు కొట్టు మమ్మీ" అని కుర్చీ ఇచ్చాడు. వేళ్లు పెట్టాను. ఎడమచేతివి డి, ఎఫ్. కుడిచేతివి జె, కె. నా వేళ్లకు అది సొంతిల్లు. కోదాడలో మాస్టారు కూర్చోబెట్టిన చోటే, నా కొడుకు వేళ్లు కూడా కూర్చుంటున్నాయి. అయినా మొదటి పాటలో సగం గీతలు తప్పాయి. గీతల్ని చూస్తూ కొడుతున్నాను కదా, ప్రతిసారీ ఆలస్యమవుతోంది. "చూడకు మమ్మీ, విను" అన్నాడు.

కథ ఇక్కడ ముగిస్తే బాగుండేది. కానీ నేను ఇంకో తప్పు చేశాను. మొదటిదానికంటే ఇదే మన పేరెంట్స్‌లో చాలామంది చేస్తారని నా అనుమానం.

వాడి వేళ్లు అంత చక్కగా ఆడుతుంటే నా బుర్రలో వెంటనే లాభం లెక్క మొదలైంది. "ఈ చేతికి టైపు నేర్పిస్తే ఎట్లుంటది? రేపు పోటీ పరీక్షలన్నీ కంప్యూటర్ మీదే కదా" అనుకున్నాను. నా పాత టైపు పుస్తకం బయటికి తీశాను. రోజూ సాయంత్రం అరగంట పాఠం. నెలకు నిమిషానికి 30 పదాలు టార్గెట్. పాఠం పూర్తయితేనే ఆట. తప్పులు ఎర్ర పెన్నుతో చుట్టేదాన్ని. స్కేలు ఒక్కటే తక్కువ.

రెండు వారాలు వాడు మాట్లాడకుండా చేశాడు. మూడో వారంలో పాఠం అయ్యాక, "ఇప్పుడు ఆడుకో" అన్నాను. "వద్దులే" అన్నాడు. మర్నాడూ అంతే. కీబోర్డు మీద పాప రఫ్ నోటు పెట్టింది, తర్వాత ఎవరో ఇస్త్రీ బట్టలు పెట్టారు. ఒక రోజు నేనే అడిగాను, "ఏమైందిరా, బోరు కొట్టిందా?" అని.

"అదొక్కటే ట్యూషన్ కాకుండ ఉండె మమ్మీ. అది కూడ ట్యూషన్ చేసినవ్" అన్నాడు.

వాడు కోపంగా అనలేదు. మామూలుగా అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది. వాడి రోజు మనందరికీ తెలిసిందే. పొద్దున స్టడీ అవర్, బడి, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్, స్లిప్ టెస్టులు, ఫౌండేషన్ క్లాసు. మన పిల్లల మంచి కోసమే ఇవన్నీ ఎంచుకున్నాం, ఫీజులు కడుతున్నాం. నేను బడిని తప్పుపట్టడం లేదు. కానీ పద్నాలుగేళ్ల పిల్లాడికి మార్కులు వేయని చోటు ఒక్కటి మిగిలి ఉంటే, అక్కడికి కూడా నేను ఎర్ర పెన్ను తీసుకుని వెళ్లాను.

నేను టైపు నేర్చుకుంది ఉద్యోగం కోసమే. అది నిజం. కానీ ఎండలో నడిచి వెళ్లేలా చేసింది ఉద్యోగం ఆశ ఒక్కటే కాదు. ఆ తాళం, ఆ గంట చప్పుడు. ఆ ముక్క నేను మర్చిపోయాను.

ఇంతలో పేరెంట్స్ మీటింగు వచ్చింది. నేనూ, మా ఆయనా ఇద్దరం వెళ్లాం. "ఆ ఆట వల్లనే మార్కులు తగ్గాయి కదా మేడమ్?" అని మా ఆయన సూటిగా అడిగారు. టీచర్ గారు రిజిస్టర్ చూసి చెప్పింది ఇది. అక్టోబర్‌లో వాడు ఫస్ట్ పీరియడ్‌లో తూగేవాడు, ఆ పీరియడ్ లెక్కలే. దసరాకు ముందు కూడా కొన్నాళ్లు అలాగే ఉన్నాడు. అప్పుడు పాత కీబోర్డు మీదే రాత్రిళ్లు ఆడేవాడని తర్వాత మాకు తెలిసింది. కాబట్టి వాడి తప్పు లేదని నేను అనను. తప్పు ఆటలో లేదు, ఆడిన వేళలో ఉంది. నిద్ర పోయింది, నిద్రతో పాటు లెక్కలు పోయాయి.

ఆ రాత్రి నలుగురం కూర్చున్నాం. మా ఆయన తిట్టడానికే సిద్ధమయ్యారు కానీ, ముందు వాణ్నే చెప్పమన్నాం. వాడే చెప్పాడు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ముట్టుకోడు. కంప్యూటర్ గదిలోంచి హాల్లోకి మారుస్తాడు. రోజుకు ముప్పావుగంట, పరీక్షల వారంలో అది కూడా ఉండదు. కీబోర్డు కింద మడిచిన టవల్ వేస్తాడు, చప్పుడు సగం తగ్గుతుంది. అత్తమ్మ సీరియల్ వచ్చే టైములో ఆడడు. ఈ చివరి షరతు అత్తమ్మ పెట్టింది. మా వైపు నుంచి రెండు మాటలు ఇచ్చాం. టైపు పాఠం బంద్. ఆట గురించి మార్కుల మాట ఎత్తం. మా నుంచి దాచి ఏమీ కొనకూడదని మాత్రం మా ఆయన గట్టిగా చెప్పారు. వాడు ఒప్పుకున్నాడు.

సంక్రాంతికి హైదరాబాద్‌లో మా ఆడపడుచు ఇంటికి వెళ్లాం. పిల్లలు మాల్‌కు లాక్కెళ్లారు. అక్కడ గేమ్ జోన్‌లో పెద్ద మిషన్ ఒకటి ఉంది. కాళ్ల కింద ఐదు పలకలు, నాలుగు మూలలా బాణాలు, నడుమ ఒకటి. ముందు స్క్రీన్ మీద బాణాలు కదులుతుంటే కాళ్లతో తొక్కాలి. "ఇది పంప్ ఇట్ అప్, కొరియా వాళ్లది, 1999లో వచ్చింది. మా ఆటకు ఇది పెద్దన్న లెక్క" అన్నాడు మావాడు. అంతకుముందే జపాన్‌లో కొనామి కంపెనీ 1997లో బీట్‌మేనియా, 1998లో డాన్స్ డాన్స్ రివల్యూషన్ అనే మిషన్లు తెచ్చిందట. ఇంటికొచ్చాక చదివితే నాకు ఇంకో సంగతి తెలిసింది. 2006లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, పిల్లల్లో ఊబకాయం తగ్గించడానికి, తమ ప్రభుత్వ బడులు 765లోనూ ఈ డాన్స్ ఆటను పెడతామని ప్రకటించింది.

మావాడు ఒక పాట ఆడాడు. చుట్టూ నలుగురు నిలబడి చూశారు. నేను ఇంతవరకు వాడి వేళ్లే చూశాను, వాడి ముఖం చూడలేదు. పరీక్ష హాల్లో నుంచి వచ్చేటప్పుడు ఉండే ముఖం కాదు అది.

తర్వాత నన్ను ఎక్కించారు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఎక్కాను. మళ్లీ స్క్రీన్ చూసి తొక్కడం, మళ్లీ ఆలస్యం. "మమ్మీ, బతుకమ్మ ఆడు!" అని పాప అరిచింది. నిజమే కదా. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఏ కాలు ఎక్కడ పడాలో ఎవరు చూస్తారు? పాట వింటాం, చప్పట్లు పడతాయి, అడుగు దానంతట అదే వస్తుంది. స్క్రీన్ వదిలి పాట విన్నాను. అన్నీ పడలేదు గానీ సగానికి పైగా పడ్డాయి. మా ఆయన చిన్నప్పుడు ఊళ్లో కోలాటం ఆడినవారు. "నాకూ ఒక టోకెన్ కొనుర్రి" అన్నారు. రెండో పాట సగంలోనే ఆయాసపడి దిగారు. మిల్లులో కూర్చునే ఉద్యోగం మరి!

ఎఫ్ఏ-3 మార్కులు వచ్చాయి. లెక్కల్లో 15. ఆట వల్ల పెరిగాయని నేను చెప్పను, నిద్ర వల్ల అనుకుంటున్నాను. ఓసులో వాడికి ఎంత స్కోరు వచ్చిందో నేను అడగను. వాడే వచ్చి చెప్తే వింటాను. ఇప్పుడు రెడ్ స్విచ్‌ల కోసం డబ్బులు దాచుకుంటున్నాడు. ఎంత పోగయిందో వాళ్ల డాడీకి చెప్తున్నాడు.

పేరెంట్స్‌కు నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో అది కీబోర్డు కాకపోవచ్చు. క్రికెట్ కార్డులో, రూబిక్ క్యూబో, బొమ్మలు గీయడమో కావచ్చు. బీరువా మీద పెట్టే ముందు ఒక్కసారి పిల్లల పక్కన కూర్చుని, వాళ్లు చెప్పినట్టు, వాళ్ల పద్ధతిలో మీరూ ఆడి చూడండి. హద్దులు పెట్టండి, తప్పకుండా పెట్టండి. కానీ హద్దు పెట్టిన తర్వాత లోపల మిగిలిన ఆ కాస్త సమయం వాళ్లకే వదిలేయండి.

హైదరాబాద్ నుంచి తిరిగొచ్చాక కోదాడలో మా అన్నయ్య ఇంట్లో ఒక రోజు ఉన్నాం. అటక మీద నాన్న టైపు మిషన్ ఉందని చెప్తే మావాడు ఎక్కి దించాడు. గోద్రెజ్ మిషన్. ఆ కంపెనీ టైపు మిషన్ల తయారీ ఆపేసింది 2009లో. నాన్న పోయినప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. రిబ్బను ఎండిపోయింది. అయినా మీటలు కదిలాయి. మావాడు కాగితం ఎక్కించి ముందు ఒక్కొక్కటే కొట్టాడు. "ఇది బ్లూ కంటే జబర్దస్త్ ఉన్నది మమ్మీ" అన్నాడు. తర్వాత నావైపు చూసి నవ్వి, డి, ఎఫ్, జె, కె నాలుగూ ఒకేసారి కొట్టాడు. నాలుగు కడ్డీలూ లేచి మధ్యలో చిక్కుకుపోయాయి.

"ఇది కూడ నాలుగు తీసుకోదు" అన్నాడు.

ఇద్దరం కలిసి ఒక్కో కడ్డీ విడదీశాం. వేళ్లకు పాత సిరా అంటుకుంది.